నవలలో హీరోకి 12 భాషలు వస్తే పాఠకులు నమ్ముతారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖపట్నం నేపథ్యంగా నవల రాస్తున్నారు. కథానాయకుడు అప్పన్న, మత్స్యకారులు ఉండే జాలారిపేట కుర్రాడు, బీచ్ రోడ్డులో టూరిస్టు గైడు. అతనికి 12 భాషలు వచ్చు. రాతప్రతి చదివిన ముగ్గురు స్నేహితులూ "నమ్మబుద్ధి కావడం లేదు" అన్నారు. భాషలు తగ్గించాలా, వేరే భాషల్లో సాగే సంభాషణలను పేజీ మీద ఎలా రాయాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇబ్బంది 12 అనే అంకెలో లేదు. ఒక్కో భాష అతనికి ఎవరి వల్ల వచ్చింది, దానితో ఏ పని చేయగలడు, ఏ పని చేయలేడు అన్నది రాసేవాళ్లకు తెలియకపోతే 3 భాషలు వచ్చినా పాఠకుడు నమ్మడు. తెలిస్తే 12 వచ్చినా నమ్ముతాడు. ఆ తర్వాత, ఎవరి ముందు ఏ భాష బయటికి తీస్తాడు, ఏది దాచుకుంటాడు అన్నదాని మీద కథ నడపండి. సంభాషణలు మాత్రం తెలుగులోనే రాయండి.

నేను 29 ఏళ్లు విశాఖ ఓడరేవులో ఒక షిప్పింగ్ ఏజెన్సీలో పనిచేశాను. ఓడ బెర్తుకు రాగానే కాగితాలు పట్టుకుని పైకి ఎక్కడం, క్రూ లిస్టు సరిచూడడం, జబ్బు పడినవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడం నా పని. 20 ఏళ్లుగా కథలు కూడా రాస్తున్నాను. అందులో చాలావరకు నాలుగైదు భాషల మధ్య బతికే మనుషుల గురించే. కాబట్టి మీ అప్పన్న లాంటివాళ్లను దగ్గర నుంచి చూశాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వించ్ డ్రైవర్ ఉండేవాడు. ఓడ హాచ్ దగ్గర, అంటే సరుకు గది నోటి దగ్గర, సరుకు ఎత్తడం, దించడం అతని పని. మన కళాసీలు సరుకు దించమనడానికి "ఆరియా" అని కేక వేస్తారు. అది పోర్చుగీసు నావికుల నుంచి వచ్చిన మాట. వందల ఏళ్లుగా మన దేశపు ఓడ కార్మికుల నోట్లో నలుగుతోంది. రష్యన్ ఓడ వస్తే పై నుంచి "మైనా" అని అరుపు వినిపించేది. రష్యన్ ఓడ కార్మికుల భాషలో "మైనా" అంటే దించు, "విరా" అంటే ఎత్తు. ఈయన ఏ దేశపు ఓడ మీదకైనా వెళ్లి ఆగు, దించు, మెల్లగా, చెయ్యి తియ్యి అని వాళ్ల మాటల్లోనే చెప్పగలిగేవాడు. లెక్కపెడితే ఏడు భాషలయ్యేవి. కానీ "మీ అమ్మ ఎలా ఉంది?" అని అడగాలంటే అతనికి తెలుగు, ఒడియా తప్ప మరొకటి లేదు.

ఆయనకు ఏడు భాషలు వచ్చా, రెండే వచ్చా? హాచ్ దగ్గర ఏడు వచ్చు. ఒక తప్పుడు మాట పడితే కింద మనిషి ప్రాణం పోయే చోట ఆయన ఏనాడూ తడబడలేదు. దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. మీ అప్పన్న భాషలు కూడా ఇలా పనిని బట్టి కొలతకు రావాలి. కొన్ని పైపైన, కొన్ని లోతుగా. అన్నీ ఒకే మట్టంలో నిండి ఉంటే మనిషి కనబడడు, డిక్షనరీ కనబడుతుంది.

ఉత్తరాంధ్ర మత్స్యకారులను చూడండి. మన తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి నెలల తరబడి బోట్ల మీద పనిచేస్తారు. కొందరు పారాదీప్, చెన్నై కూడా చూసి వస్తారు. వల, ఇంజను, చేప, ధర, తుఫాను, ఈ మాటలన్నీ వాళ్లకు నాలుగు భాషల్లో వచ్చు. అదే మనిషి అదే గుజరాతీలో బ్యాంకు కాగితం నింపాలంటే నిలబడిపోతాడు. జాలారిపేట కుర్రాడి ఇంట్లో ఇలాంటి మేనమామ ఒకరు ఉండడం చాలా సహజం. అప్పన్నకు గుజరాతీ ముక్కలు ఆయన వల్ల వచ్చాయని రెండు వాక్యాల్లో చెప్పండి చాలు, ఏ పాఠకుడూ అడ్డు చెప్పడు.

విశాఖలో భాషలు ఎక్కడెక్కడ దొరుకుతాయో మీకూ తెలుసు. నేవీ, డాక్‌యార్డ్ వల్ల మల్కాపురం, సింధియా వైపు హిందీ చెవిన పడుతూనే ఉంటుంది. బెంగాలీ పర్యాటకులు బీచ్‌లోనూ అరకు రైల్లోనూ కనిపిస్తారు. దక్షిణ ఒడిశా నుంచి వైద్యం కోసం కేజీహెచ్‌కు, అంటే మన పెద్దాసుపత్రికి, వచ్చే కుటుంబాలున్నాయి. అరకు వైపు వెళితే ఆదివాసీ ఒడియా ఉంది. వేర్వేరు తెగల వాళ్లు సంతలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడుకునే భాష అది. పక్కనే కువి, కొండ అనే భాషలున్నాయి. ఇవి రెండూ మన తెలుగు లాగే ద్రావిడ కుటుంబానివి. శ్రద్ధగా వింటే కొన్ని మాటలు మనకు చుట్టాలే అనిపిస్తాయి. అప్పన్న గైడుగా బొర్రా గుహలకు మనుషుల్ని తీసుకెళ్తుంటే ఈ భాషలు అతని దారిలోనే ఉన్నాయి. మీ 12లో ఈ ఆదివాసీ భాషల్లో ఒక్కటీ లేకపోవడం, ఫ్రెంచి, అరబిక్, స్పానిష్ ఉండడం నాకు బాధ కలిగించింది. ఆ మూడూ అతనికి ఎవరిచ్చారో మీ అధ్యాయాల్లో ఎక్కడా లేదు. తీసేయండి.

రష్యన్ మాత్రం ఉంచండి. మన ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో కట్టింది. ఆ ఒప్పందం 1979 నాటిది. అప్పన్న రోజూ తిరిగే బీచ్ రోడ్డులోనే కురుసుర జలాంతర్గామి ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. అక్కడ లోపల చూపించేవాళ్లు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. అలాంటి ఒక పెద్దాయన సాయంత్రం టీ తాగుతూ ఈ కుర్రాడికి రష్యన్ అక్షరాలు నేర్పాడని రాయండి. జపనీస్ కావాలన్నా దారి ఉంది. 1960ల్లో వేసిన కిరండూల్ రైలు మార్గం జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడానికే. అయితే ఆ కాలపు జపనీస్ మాటలు అప్పన్నవి కావు, అతని తాతవి. తాత నోటి నుంచి మిగిలిన నాలుగు మాటలు మనవడికి వచ్చాయంటే అది 12వ భాష కాదు, ఇంటి జ్ఞాపకం. కథకు అదే ఎక్కువ పనికొస్తుంది.

నేర్చుకోవడానికి ఎంత కాలం పడుతుంది అని కూడా అడిగారు. అలెగ్జాండర్ డ్యూమా రాసిన "ది కౌంట్ ఆఫ్ మాంటే క్రిస్టో"లో చెరసాలలో ఉన్న ఫరియా అనే మతగురువు ఆధునిక గ్రీకు ఎలా నేర్చుకుంటున్నాడో చెబుతాడు. తనకు తెలిసిన సుమారు 1000 మాటలు ఒక పట్టికగా పెట్టుకుని, వాటినే అటూ ఇటూ కలిపి వాడుకుంటాడు. అనర్గళంగా మాట్లాడలేను, కానీ పని జరుగుతుంది అంటాడు. ఆయన దగ్గర చదువుకున్న కథానాయకుడు డాంటెస్ నావికుడు. సముద్ర ప్రయాణాల వల్ల ఇటాలియన్, కొంచెం గ్రీకు అతనికి అప్పటికే వచ్చు. ఎంత జాగ్రత్తగా దారి వేశాడో చూడండి. తర్వాత అతను ఎన్ని వేషాలు వేసి ఎన్ని భాషలు మాట్లాడినా మనం నమ్మేస్తాం.

ఇప్పుడు అసలు విషయం, భాషను ఎంచుకోవడం. దీనికి మనకు రామాయణం కంటే మంచి పాఠం లేదు. కిష్కింధకాండలో హనుమంతుడు భిక్షువు వేషంలో వచ్చి మాట్లాడితే రాముడు లక్ష్మణుడితో, వేదాలు, వ్యాకరణం చదవనివాడు ఇలా మాట్లాడలేడు, ఇంత మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు అంటాడు. అంటే పాత్రకు ఎంత భాష వచ్చో కవి ముందే చెప్పి పెట్టాడు. సుందరకాండకు వచ్చేసరికి అదే హనుమంతుడు శింశుపా వృక్షం మీద కూర్చుని ఆలోచనలో పడతాడు. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే సీతమ్మ తనను రావణుడనుకుని భయపడుతుంది. మాట్లాడకపోతే ఆవిడ ప్రాణాలు నిలవకపోవచ్చు. చివరికి మామూలు మనుషుల మాటనే ఎంచుకుని, ఆవిడ చెవిన పడేలా రాముడి కథ మొదలుపెడతాడు.

ఎన్నో వచ్చినవాడు, తనకు బాగా వచ్చినదాన్ని పక్కన పెట్టాడు. ఎదుటి మనిషి భయం గురించి ఆలోచించాడు కాబట్టి పక్కన పెట్టాడు. మీ మూడో అధ్యాయంలో అప్పన్న ఒక్కసారైనా ఇలా ఆగి ఆలోచించలేదు. టూరిస్టు కనబడగానే వాళ్ల భాష వాగ్ధాటిగా వచ్చేస్తోంది. స్నేహితులు నమ్మలేకపోయింది అక్కడేనని నా అభిప్రాయం.

భారతంలో దీనికి మరో ముఖం ఉంది. లక్క ఇంటికి బయల్దేరుతున్న ధర్మరాజును విదురుడు నలుగురి ముందే హెచ్చరిస్తాడు, పక్కవాళ్లకు అర్థం కాకుండా. కుంతి తర్వాత అడుగుతుంది, ఆయన ఏమన్నాడు, నువ్వు సరే అన్నావు, మాకేమీ తెలియలేదు అని. ఆ తర్వాత సొరంగం తవ్వడానికి విదురుడు పంపిన మనిషి వచ్చి, విదురుడు నీతో మ్లేచ్ఛ భాషలో మాట్లాడాడు, నువ్వు సరేనన్నావు, నన్ను నమ్మడానికి ఇదే గుర్తు అంటాడు. ఒక భాష మొదట రహస్యం అయింది, తర్వాత సాక్ష్యం అయింది. కథ నడపడానికి భాష ఇంతగా ఉపయోగపడుతుంటే దాన్ని పాత్ర గొప్పతనానికి అలంకారంగా వాడి వదిలేయడం అన్యాయం.

వినేవాళ్ల మీద ప్రభావం కోసం వాడే భాష మూడోది. కన్యాశుల్కంలో వెంకమ్మ, మా అబ్బాయీ మీరూ ఒకసారి ఇంగ్లీషు మాట్లాడండి అని అడిగితే గిరీశం, వెంకటేశం చేసిందేమిటి? పిల్లల పద్యం, రేఖాగణితం, వ్యాకరణ సూత్రం ఒకరికొకరు వరసగా ఒప్పజెప్పుకున్నారు. వెంకమ్మ మురిసిపోయింది. అక్కడ ఇంగ్లీషు ఎంత వచ్చిందన్నది కాదు, ఆ తల్లి ఆశ ముఖ్యం. గురజాడ మన ప్రాంతం మనిషి, ఆ ఆశను దగ్గర నుంచి చూసినవాడు.

తప్పులు రాయండి. బహుభాషి తప్పులు చేయడు అనుకోవడం పెద్ద పొరపాటు. అయితే ఏ తప్పు పడితే ఆ తప్పు కాదు. తెలుగువాడి హిందీ ఎక్కడ తడబడుతుంది? లింగం దగ్గర. రోటీ స్త్రీలింగం అని మనకు పుట్టుకతో తెలియదు, "ఖాయీ" అనాల్సిన చోట "ఖాయా" అంటాం. బెంగాలీలో వ్యాకరణ లింగమే లేదు కాబట్టి వాళ్ల హిందీ కూడా అక్కడే జారుతుంది. అందుకే మన గైడు, కోల్‌కతా కుటుంబం కలిసి తప్పు హిందీలో హాయిగా మాట్లాడుకుంటారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. మధ్యలో ఒక లక్నో ఆయన వస్తే ఇద్దరూ కాస్త తగ్గి మాట్లాడతారు. ఈ చిన్న మార్పు రాయగలిగితే నాలుగు పేజీల వర్ణన అక్కర్లేదు.

నా సొంత అనుభవం చెబుతాను. ఒక కథలో లాడ్జి కుర్రాడు బెంగాలీ పెద్దావిడను "తుమి" అని పిలిచినట్టు రాశాను. మనకు నువ్వు, మీరు అని రెండు ఉన్నట్టే వాళ్లకూ రెండు ఉంటాయనుకున్నాను. వాళ్లకు మూడు. "తుయి", "తుమి", "ఆపని". ముక్కూముఖం తెలియని పెద్దవాళ్లను "ఆపని" అనాలి. కథ అచ్చయ్యాక ఒక బెంగాలీ పాఠకురాలు ఉత్తరం రాశారు. కుర్రాడు మర్యాద తెలియనివాడని మీ ఉద్దేశమా అని అడిగారు. నా ఉద్దేశం సరిగ్గా దానికి వ్యతిరేకం. నేను ప్రేమగా మలిచిన పాత్ర ఒక్క మాటతో చెడిపోయింది. అప్పటి నుంచి ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లు ఒక్కరైనా చదవకుండా పత్రికకు పంపడం లేదు. మీరూ అలాగే చేయండి. మన ఊళ్లో అలాంటివాళ్లను వెతకడం కష్టం కాదు.

సంస్కృతం నుంచి అన్ని భాషల్లోకీ వెళ్లిన మాటలతో ఇంకా జాగ్రత్త. చూడడానికి మన మాటే, అర్థం వేరు. మనకు ఉపన్యాసం అంటే ప్రసంగం, హిందీ, బెంగాలీల్లో నవల. మనకు శిక్ష అంటే దండన, వాళ్లకు చదువు. బెంగాలీలో "రాగ్" అంటే కోపం. "అవసరం" అంటే మనకు కావలసినది, తమిళంలో తొందర, మలయాళంలో అవకాశం. మీ నవలలో అప్పన్నకూ ఆ తమిళ ఆసామికీ మధ్య గొడవ ఎలా మొదలవ్వాలో తెలియడం లేదన్నారు కదా. ఈ ఒక్క మాట చాలు. కథాసరిత్సాగరంలో శాతవాహన రాజు సరిగ్గా ఇలాగే ఇరుక్కుంటాడు. జలక్రీడలో రాణి "మోదకైః" అంది, అంటే "మా ఉదకైః", నీళ్లు చల్లొద్దు అని. రాజు మోదకాలు, అంటే మిఠాయిలు తెప్పించాడు. ఆ అవమానంతోనే చదువు మొదలుపెట్టాడు. రాజు చదువు మీద కట్టిన పందెం ఓడి ఆయన మంత్రి గుణాఢ్యుడు తనకు వచ్చిన సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేసి, చివరికి పైశాచి అనే మరో భాషలో కథ రాశాడు. ఒక్క సంధి విడదీయలేకపోవడం నుంచి ఎంత కథ పుట్టిందో!

మాతృభాష సంగతి. తెనాలి రామకృష్ణుడి కథ మీకు తెలిసే ఉంటుంది. అన్ని భాషలూ ఒకే ధాటిగా మాట్లాడే పండితుడు సభకొచ్చి తన మాతృభాష ఏదో చెప్పమంటాడు. నిద్రలో ఉలిక్కిపడేలా చేస్తే అరుపు సొంత భాషలో వస్తుంది. చాలామంది రచయితలు తమ బహుభాషి పాత్రకు ఇదే సన్నివేశం పెడతారు. నిజానికి మనిషి ఇంత తేలిగ్గా విడిపోడు. నేను చూసినవాళ్లలో డబ్బు లెక్కపెట్టే భాష ఒకటి, కోపం వస్తే తిట్టే భాష ఒకటి, దేవుడికి దండం పెట్టే భాష ఒకటి. ఎక్కం ఏ బడిలో నేర్చుకుంటే ఆ భాషలో లెక్క జీవితాంతం ఉండిపోతుంది. ఇంట్లో ఒడియా మాట్లాడి తెలుగు మీడియంలో చదివిన నా సహోద్యోగి ఒకాయన నోట్లు ఎప్పుడూ తెలుగులోనే లెక్కపెట్టేవాడు.

కానీ జ్వరం మాత్రం వేరు. ఒకసారి ఉక్రెయిన్ నావికుడిని ఓడ దింపి ఆసుపత్రిలో చేర్చాను. పదేళ్లుగా ఓడల్లో ఇంగ్లీషు మాట్లాడుతున్న మనిషి. ఆ రాత్రి జ్వరం పెరిగేసరికి ఇంగ్లీషు మొత్తం పోయింది. నర్సు ఏ ప్రశ్న వేసినా తన భాషలోనే జవాబు. కెప్టెన్‌కు ఫోన్ కలిపి అతని చెవి దగ్గర పెట్టాను. తన భాష వినగానే ఆ మనిషి భుజాలు కిందికి దిగాయి. నొప్పి ఎక్కడో అప్పుడు చెప్పాడు. అందుకే నేను తెనాలి కథను ఎగతాళిగా తీసుకోను. ఉలికిపాటుకు కాకుండా, ఊరట కోసం మాతృభాష వచ్చే సన్నివేశం రాయమని మాత్రం చెబుతాను.

పేజీ మీద ఎలా రాయాలి? మీరు హిందీ, బెంగాలీ వాక్యాలు పూర్తిగా తెలుగు లిపిలో పెట్టి కింద అర్థాలు ఇచ్చారు. వద్దు. పాఠకుడు కిందికీ పైకీ చూస్తూ సన్నివేశం వదిలేస్తాడు. ఒక మాట, మహా అయితే రెండు, అవి కూడా ఆ మాటే కథలో అవసరమైతే. మిగతాదంతా తెలుగు. నేనైతే ఇలా రాస్తాను:

"పెద్దావిడ నీళ్లు అడిగింది. వాళ్ల భాషలో నీళ్లు తాగరు, తింటారు. నీళ్లు తినడమేమిటని మొదటి ఏడాది తెల్లబోయిన అప్పన్న, ఇప్పుడు సీసా మూత తీసి చేతికిచ్చాడు. 'మా వైపు ఎప్పుడైనా వచ్చావా?' అని అడిగింది ఆవిడ. లేదన్నాడు. 'మరి మా మాట ఎవరు నేర్పారు?' మురీ మిక్చర్ బండి వైపు చూశాడు. ఆ బండి పక్కనే పదేళ్లప్పుడు బెలూన్లు అమ్మాడు. 'మీలాంటి అమ్మలే' అన్నాడు."

ఇందులో బెంగాలీ మాట ఒక్కటీ లేదు. అయినా వాళ్లు బెంగాలీలో మాట్లాడుకుంటున్నారని తెలుస్తోంది.

దీనికంటే ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది. అప్పన్న తెలుగు. ఇంట్లో అమ్మతో "ఏటే, ఎల్లొస్తాను" అనే కుర్రాడు, హైదరాబాద్ కుటుంబం ముందు "వెళ్దామా సార్" అంటాడు. మీ రాతప్రతిలో ఇంట్లో కూడా పుస్తకాల తెలుగే మాట్లాడుతున్నాడు. ఇంటి తెలుగు, బీచ్ రోడ్డు తెలుగు వేరు చేయకుండా 12 భాషల జోలికి వెళ్లకండి. నా లెక్కలో అతనికి మొదటి రెండు భాషలు ఇవే.

పదకోశం చివర పెట్టాలా అన్నారు. అక్కర్లేదు.

ఇక మూడో అధ్యాయం. బస్సులో రకరకాల చోట్ల నుంచి వచ్చినవాళ్లకు వరసగా వాళ్ల వాళ్ల భాషల్లో స్వాగతం చెప్పే ఆ సన్నివేశం తీసేయండి. దాని బదులు కైలాసగిరికి వెళ్లే జీపులో వెనక సీట్లో కొరాపుట్ వైపు దంపతులను కూర్చోబెట్టండి. పొద్దున్నే పెద్దాసుపత్రిలో రిపోర్టులు తీసుకుని వచ్చారు. ఆపరేషన్‌కు డబ్బు సరిపోదు, ఊరికెళ్లి పిల్లలకు ఏం చెప్పాలి అని ఒడియాలో మాట్లాడుకుంటున్నారు. ముందు కూర్చున్న కుర్రాడికి తమ భాష రాదని వాళ్ల ధైర్యం. అప్పన్నకు ప్రతి మాటా అర్థమవుతోంది. అర్థమైందని చెబితే వాళ్లు సిగ్గుపడతారు, చెప్పకపోతే అతను ఊరుకోలేడు. కొండ మీదకు చేరేదాకా అతన్ని మాట్లాడనివ్వకండి. దిగాక డబ్బు తీసుకునేటప్పుడు సగమే తీసుకోనివ్వండి. ఎందుకని ఆవిడ హిందీలో అడుగుతుంది. అప్పుడు అతను ఏ భాషలో జవాబు చెబుతాడో మీరు ఆలోచించండి. ఆ పేజీ రాశాక పంపితే చదువుతాను.